ఇరుకు ఇళ్లలో క్రిస్మస్ చెట్టు: సంఘ వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ యేసుక్రీస్తు నామమున వందనములు.

రోగుల పరామర్శ, విధవరాండ్రకు చీరలు, వేసవిలో పిల్లల వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) ప్రతి ఏటిలాగే దేవుని కృపవలన జరిగాయి. పది రోజులూ వీబీఎస్ వంట చూసిన అక్కలకు, మైకు సెట్టు అద్దె తీసుకోకుండా ఇచ్చిన సోదరునికి, ప్రతి కూడికకు వచ్చి ప్రార్థన చేసిన పాస్టరుగారికి కృతజ్ఞతలు. లెక్కలు కోశాధికారిగారు చదువుతారు. నిల్వ కొద్దిగానే ఉంది, బాకీ ఏమీ లేదు.

ఈ ఏడు సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ పని డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన తర్వాత పెట్టిన చెట్ల శిక్షణ. మనలో ఎక్కువమందివి రెండు గదుల అద్దె ఇళ్లు. నేలమీద చెట్టు పెడితే మంచం ఎక్కడ వేయాలి? అందుకే గోడమీద, పైకప్పు నుంచి చెట్టు ఎలా నిలపాలో నేర్పించాం. రాలేకపోయినవారి కోసం వివరంగా రాస్తున్నాం.

గోడ చెట్టుకు వేలిలావు కర్రలు ఏడు కావాలి. పొడవులు 36, 31, 26, 21, 16, 11, 6 అంగుళాలు. కర్రకీ కర్రకీ ఎడం 7 అంగుళాలు. ఎడమూ తగ్గింపూ అన్నిటికీ ఒకేలా ఉంటేనే రెండు పక్కలా తాడు తిన్నగా దిగుతుంది, లేకపోతే మధ్యలో నడుము విరిగినట్టు కనిపిస్తుంది. జనపనార తాడు 13 అడుగులు పడుతుంది, కొసలకు కలిపి 16 కొనండి. తాడును సగానికి మడిచి, మడతను మేకుకు తగిలించే ఉచ్చుగా వదిలి, నేలమీద సుద్దతో గీసిన త్రికోణంపై పరచాలి. ఉచ్చుకు 6 అంగుళాల దిగువన చిన్న కర్రతో మొదలుపెట్టి కిందికి రావాలి. ప్రతి కర్రకూ చివర నుంచి అంగుళం లోపల తాడు రెండు చుట్లు తిప్పి, రెండో చుట్టు కిందనుంచి కొస దూర్చి లాగాలి. ఒక్క చుట్టుతో వదిలేస్తే బొమ్మలు తగిలించగానే కర్ర ఒక పక్కకు జారుతుంది. ఆ రోజు సగం చెట్లకు వచ్చిన తంటా ఇదే. గోడకు వేలాడదీసి, మట్టం చూసుకున్నాకే ముడులమీద ఫెవికాల్ చుక్క వేయండి, ముందే వేస్తే సరిచేయలేరు.

కర్రలకు బాపట్ల, చీరాల తీరంలో పెరిగే సరుగుడు రెమ్మలు బైండింగు వైరుతో కట్టాం. ఆ పచ్చదనం ప్లాస్టిక్‌కు రాదు. కానీ గోడమీద నీరు అందదు కాబట్టి రెమ్మ త్వరగా ఎండి ఈనెలు రాలుస్తుంది. పండుగకు రెండు రోజుల ముందు మాత్రమే కట్టండి. ఎండిన సరుగుడు చప్పున అంటుకుంటుంది. వేడెక్కే పాతరకం సీరియల్ బల్బులు వద్దు, ఎల్ఈడీ సెట్టే వాడండి, పడుకునే ముందు ప్లగ్గు తీసేయండి. కాంక్రీటులో మేకు వంగిపోతుంది, 6 మిల్లీమీటర్ల రంధ్రం చేసి గోడలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు, హుక్కు పెట్టాలి. ఇంటి ఓనరు మేకు కొట్టనివ్వకపోతే కర్టెను రాడ్డుకు కట్టండి. డబుల్ టేపు మాత్రం వద్దు, తీసేటప్పుడు గోడ రంగు కూడా ఊడి వస్తుంది.

పైకప్పు నుంచి వేలాడదీసే తలకిందుల చెట్టు అపచారమని కొందరు పెద్దలు బాధపడ్డారు. దక్షిణ పోలండ్ పల్లెల్లో ఫర్ చెట్టు కొసను తలకిందులుగా ఇంటి దూలానికి వేలాడదీసే పాత ఆచారం ఉండేది, దాన్ని పొద్‌వాజ్నిచ్కా అంటారు. కాబట్టి నిస్సంకోచంగా కట్టుకోవచ్చు. మూడడుగుల ప్లాస్టిక్ చెట్టు చాలు. ఫ్యాను లేని హుక్కుకే కట్టాలి, తిరిగే ఫ్యాను దగ్గర వద్దే వద్దు. మడతబందు కొమ్మలున్న చెట్టును తిరగేస్తే కొమ్మలు కొసవైపుకు ముడుచుకుపోతాయి. ప్రతి బందు దగ్గరా వైరు రెండు చుట్లు బిగించాలి. గాలికి గిరగిర తిరగకుండా సన్న నైలాను దారాలు రెండు పక్కలకు లాగి కట్టండి.

నిచ్చెన చెట్టు అన్నిటికన్నా తేలిక. మడత నిచ్చెన విప్పి, కాళ్లు జారకుండా అడుగున తాడుతో బంధించి, మెట్లమీద పలకలు పరిస్తే సరి. పశువులపాక బొమ్మలు కింది పలకమీద పెట్టుకోవచ్చు.

ఇక మనసు కష్టపెట్టిన మాట. సాయానికి పేర్లిచ్చినవారు పన్నెండుమంది, వచ్చినవారు నలుగురు. ఆ నలుగురే 21 చెట్లకు సరిపడా 147 కర్రలు కోశారు. ఒక తమ్ముడి అరచేయి బొబ్బలెక్కింది. రాలేనివారు ముందురోజు ఒక్క ఫోను చేసి ఉంటే వేరేవారిని పిలుచుకునేవాళ్లం. హాలు కోసం మూడుసార్లు అర్జీ పెట్టినా అధికారుల నుంచి జవాబు రాలేదు, చివరికి చర్చి వరండాలోనే కానిచ్చాం. రంపాలు ఉచితంగా సానపట్టి ఇచ్చిన వడ్రంగి మేస్త్రిగారికి, ఆ నలుగురికీ సంఘం రుణపడి ఉంది.

సంఘం డ్రిల్లు, రెండు చేతి రంపాలు ఇంకా తిరిగి రాలేదు. ఎవరింట్లో ఉన్నా వచ్చే ఆదివారానికి చర్చిలో అప్పగించగలరు.

ప్రభువు సేవలో,
కార్యదర్శి