డ్రమ్ మెషిన్ మూగబోతే తూకానికి వేయకండి

సంపాదకుడు గారికి,

మా బరంపురంలో, ఇటు పర్లాకిమిడి వైపు కూడా మెలోడీ పార్టీల్లో వాయించే కుర్రాళ్లు కొందరు పాత డ్రమ్ మెషిన్లు (డ్రమ్ముల శబ్దాలు పలికే ఎలక్ట్రానిక్ పెట్టెలు) సెకండ్‌హ్యాండ్‌లో కొని సర్క్యూట్ బెండింగ్ చేస్తున్నారు. అంటే మూత విప్పి, బోర్డు మీద ఒకదానికొకటి సంబంధం లేని పాయింట్లను వైరుతో కలిపి, స్నేర్ డ్రమ్ము దెబ్బ కాస్తా రేకు చించినట్టు మోగేలా చేస్తారు. అందులో తప్పేమీ లేదు, వింటే నాకూ ముచ్చటగానే ఉంటుంది. బాధల్లా ఆ తర్వాతే. ఏదో ఒకరోజు మెషిన్ పలకదు, రిపేరు షాపుకి పట్టుకెళ్తే "ఎవరో కెలికేశారు, బోర్డు పోయింది" అని మీటర్ కూడా పెట్టకుండా తిప్పి పంపేస్తారు, ఆఖరికి అది పాత ఇనుము కొట్టుకి పోతుంది. బెండింగ్ తర్వాత ఆగిపోయిన మెషిన్లన్నీ చచ్చినట్టు కాదని మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ ఉత్తరం.

మా దగ్గర ఎక్కువగా కనిపించేది 1986లో వచ్చిన రోలాండ్ టీఆర్-505. అది ఆగిపోతే ముందు చేయాల్సింది కొత్తగా వేసిన వైర్లన్నీ ఊడదీయడం. చాలామంది ఈ పని చేయరు, వైర్లు అలాగే ఉంచి లోపం ఎక్కడో వెతుకుతారు, దొరకదు. తర్వాత కరెంటు సంగతి చూడాలి. రోలాండ్ అడాప్టర్ పిన్ను మధ్యలో నెగటివ్, బజార్లో దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్యలో పాజిటివ్, 9 వోల్టులని రాసుంది కదా అని గుచ్చేస్తే దెబ్బ అక్కడే తగలొచ్చు, పాపం నింద మాత్రం బెండింగ్ మీద పడుతుంది. చిప్పులకి 5 వోల్టులు అందుతున్నాయో లేదో మీటర్‌తో చూడండి. బాగా తగ్గిపోయి, ఏదో ఒక చిప్పు వేలు పెట్టలేనంత కాలుతుంటే అక్కడ షార్ట్ ఉన్నట్టే, వెంటనే ఆపేయాలి.

5 వోల్టులు సరిగ్గా ఉంటే భూతద్దం తీసుకోండి. శబ్దాలు దాచి ఉంచే రోమ్ అనే మెమరీ చిప్పు కాళ్ల దగ్గర చూడండి. టంకం పెట్టినప్పుడు వైరులోంచి విడిపోయిన ఒక్క పోగు, వెంట్రుక కంటే సన్నటిది, రెండు కాళ్ల మధ్య పడి ఉంటుంది, మామూలు కంటికి ఆనదు. మెత్తటి బ్రష్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి తుడిస్తే పోతుంది. మెషిన్ మోగుతూనే శబ్దం చెడితే ఆ చెడిన తీరే జాడ చెబుతుంది: దెబ్బలో ఒక ముక్క పదేపదే వస్తున్నా, ఒకదాని బదులు ఇంకొకటి పలుకుతున్నా, రోమ్‌లో ఎక్కడి శబ్దం తీయాలో చెప్పే అడ్రస్ లైన్ మీద అనుమానించాలి, అన్ని శబ్దాల్లోనూ గరగర ఉంటే ఆ శబ్దాన్ని మోసుకొచ్చే డేటా లైన్ మీద. ఇంకో సంగతి, బెండ్ చేసేటప్పుడు లోపలి మెమరీ కలగాపులగం అయిపోతే మెషిన్ బిగుసుకుపోతుంది. అడాప్టర్ తీసినా సెల్స్ ఉన్నంతసేపు ఆ చెత్త అలాగే ఉంటుంది కాబట్టి రెండూ తీసి కాసేపు వదిలేయాలి. దాచుకున్న ప్యాటర్న్‌లు పోతాయి, మెషిన్ దక్కుతుంది. బటన్లు ఒత్తితే పలకకపోతే అది బెండింగ్ గొడవ కాకపోవచ్చు, గోపాల్‌పూర్ సముద్రపు గాలికి మా ఊళ్లో ఏ స్విచ్చయినా తుప్పు పడుతుంది.

ఇక కొత్తగా మొదలుపెట్టే తమ్ముళ్లకి: సెల్స్ మీదే చేయండి, మెయిన్స్ కరెంటుతో నడిచే పెట్టెల్లో చేయి పెట్టకండి, అది ప్రాణాలతో పని. ఈ విద్య పుట్టింది కూడా బ్యాటరీ సామానులోనే, 1960ల్లో అమెరికాలో రీడ్ గజాలా అనే ఆయన సొరుగులో ఉన్న బుల్లి యాంప్లిఫయర్ ఏదో లోహానికి తగిలి షార్ట్ అయి వింతగా అరవడం నుంచి. సర్క్యూట్ బెండింగ్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. చిప్పుకి కరెంటు వచ్చే కాళ్ల జోలికి వెళ్లకుండా, వైరుకి వరసగా కరెంటుని అదుపులో పెట్టే 1 కిలో ఓమ్ రెసిస్టర్ వేసి, ఒత్తినప్పుడే కలిసే బటన్ పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. రోమ్ చిప్పు ఆ మోడల్ కోసం ఫ్యాక్టరీలో చేసింది, కాలిపోతే చాలాసార్లు ఇంకో మెషిన్‌లోంచి పీకాల్సి వస్తుంది. 1980 నుంచి 1983 వరకే తయారైన రోలాండ్ వాళ్ల టీఆర్-808 లాంటి అరుదైన మెషిన్లు చేతికొస్తే దయచేసి విప్పకండి, వాటిని ఉన్నవి ఉన్నట్టు వాయించుకోండి.

ఇక్కడి మా పిల్లలు బళ్లో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు చదివేది మీ పత్రికలోనే. సినిమా పేజీలో కొంచెం చోటు తగ్గించైనా సరే, వారానికోసారి ఎలక్ట్రానిక్ వాయిద్యాల రిపేరు మీద ఒక శీర్షిక నడపండి. బొమ్మలు గీసి, ఏ పాయింట్ దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలో రాయండి. రాసేవాళ్లు దొరక్కపోతే మా వైపు పాత మెకానిక్కులు ఉన్నారు, వాళ్లని అడగండి, ఏదీ దాచుకోకుండా చెబుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా