నడుం నొప్పి అన్నవాళ్లను గొర్రెల సంగతీ అడగండి

సంపాదకులకు,

కీళ్లవాతం మీద మీరు వేసిన వ్యాసం బాగుంది. పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి అందులో రాని ఒక సంగతి చెప్పాలనిపించింది: గొర్రెల నుంచి అంటుకునే బ్రూసెల్లోసిస్ అనే రోగం కూడా చూడ్డానికి వాతంలాగే ఉంటుంది.

మా బామ్మర్దికి గొర్రెల మంద ఉంది. నడుం నొప్పి, తుంటిలో పోటు, సాయంత్రమైతే జ్వరం, రాత్రి పక్క తడిసేంత చెమట. పట్నంలో ఎంఆర్ఐ తీసి తుంటి వెనక కీలు వాచిందన్నారు. వాతమేనని స్టెరాయిడ్ మాత్రలు రాశారు. కొన్నాళ్లు తేలికపడ్డాడు. తర్వాత జ్వరం ఇంకా గట్టిగా పట్టుకుంది. చివరికి ఇంకో ఊళ్లో ఓ డాక్టరమ్మ, "ఏం పని చేస్తావయ్యా? ఈ మధ్య గొర్రెలేమైనా ఈసుకుపోయాయా?" అని అడిగింది. పోయాయి మరి, నెలలు నిండకముందే కడుపులు పోయాయి. వట్టి చేతులతో మాయలు (పిల్లతో పాటు పడే సంచులు) లాగింది ఇతనే.

రోజ్ బెంగాల్ పరీక్ష చేయించారు. మా శాఖలో పశువులకు చేసేదే: చుక్క సీరం, చుక్క గులాబీ మందు, నాలుగు నిమిషాలు కలిపితే, రోగం ఉంటే పలుకులు కడుతుంది. తర్వాత ట్యూబు పరీక్షతో బ్రూసెల్లోసిస్ అని ఖాయం చేశారు. టీబీ లేదని చూసుకున్నాకే డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి మొదలుపెట్టారు. కనీసం 6 వారాలు వాడాలి, వెన్నుపూసకు పాకితే ఇంకా ఎక్కువ. ఈ క్రిమి కణాల లోపల దాక్కుంటుంది; మందు మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా వస్తే మా అత్తమ్మ రక్తమనుకుని ఒకటే టెన్షన్! అది మందు రంగేనని ముందే ఒక్క మాట చెబితే ఏం పోయింది?

రక్తాన్ని కల్చర్‌కి పంపేటప్పుడు కూడా అనుమానం ఫలానా అని ల్యాబ్‌కి చెప్పాలి. ఈ క్రిమి నిదానంగా పెరుగుతుంది, పైగా ల్యాబ్ వాళ్లకే అంటుకుంటుంది.

ఇది కొత్త రోగం కాదు. మాల్టా దీవిలో 1887లోనే డేవిడ్ బ్రూస్ అనే బ్రిటిష్ సైనిక డాక్టర్ క్రిమిని పట్టుకున్నాడు. మేకపాలతో వస్తుందని 1905లో తేలింది. ఇక్కడ 2019లో మొదలైన కేంద్ర పథకం కింద 4 నుంచి 8 నెలల ఆవు, గేదె పెయ్యదూడలకు టీకా వేస్తున్నారు. గొర్రెలు, మేకలకు అందులో చోటు లేదు. మనుషుల్ని ఎక్కువ పీడించేదేమో వాటి నుంచి వచ్చే రకమే.

మందలో జీవాలు ఈసుకుపోతున్నాయని మేం రిజిస్టర్‌లో రాసుకునేవాళ్లం. నేను పనిచేసినన్నాళ్లూ ఏ పీహెచ్‌సీ నుంచీ ఎవరూ ఆ వివరాలు అడగలేదు, మమ్మల్ని పంపమన్నవాళ్లూ లేరు. కలెక్టర్ ఒక సర్క్యులర్ ఇస్తే అయిపోయే పని ఇది.

— రిటైర్డ్ వెటర్నరీ అసిస్టెంట్, సిద్దిపేట జిల్లా