వార్షిక నివేదిక 2024–25: విశ్వవిద్యాలయ పాలనపై మన సంఘం పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పని ఎక్కువగా విశ్వవిద్యాలయ నిర్ణయాలు తీసుకునే పాలక మండలి చుట్టూనే సాగింది. 2024 మే 21న హనుమకొండలోని కాకతీయతో సహా రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఉపకులపతుల (వీసీల) పదవీకాలం ముగిసింది. కొత్తవారి నియామకాలు అక్టోబరు 18న గానీ వెలువడలేదు. ఆ ఐదు నెలలూ ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జిలు. హైదరాబాద్‌లో సొంత శాఖ చూసుకుంటూ హనుమకొండ ఫైళ్లు చూసే అధికారి రోజువారీ సంతకాలకే పరిమితమవుతారు. వీసీ మూడేళ్ల గడువు ఎప్పుడు తీరుతుందో బాధ్యతలు తీసుకున్న రోజే తెలుస్తుంది. అందుకే కొత్త వీసీ కోసం పేర్లు సూచించే సెర్చ్ కమిటీని ఆర్నెల్ల ముందే వేయాలని అడుగుతున్నాం.

1991 విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం ఆ కమిటీలో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం), రాష్ట్ర ప్రభుత్వం, పాలక మండలి నుంచి ఒక్కొక్కరు ఉంటారు. విశ్వవిద్యాలయానికి దక్కేది ఆ మూడో కుర్చీ ఒక్కటే. మండలిలో ఖాళీలు నింపకపోతే మిగిలేది హోదా రీత్యా సభ్యులైన అధికారులే. అప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చేదీ వాళ్లే. స్వయంప్రతిపత్తి మొదట జారిపోయేది ఇక్కడే.

2025 జనవరిలో యూజీసీ ఇచ్చిన నిబంధనల ముసాయిదాలో, ఆ సెర్చ్ కమిటీలో విశ్వవిద్యాలయ ప్రతినిధి ఉన్నారు, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి లేరు. జీతాల భారం మోసే రాష్ట్రాన్ని పూర్తిగా పక్కనపెట్టడం సరికాదని మన అభిప్రాయం.

సమాచార హక్కు దరఖాస్తుల శిక్షణకు ఎక్కువ సమయం ఇచ్చాం. ‘ఫలానా నిర్ణయం ఎందుకు తీసుకున్నారు?’ అని రాస్తే దరఖాస్తు వీగిపోతుంది. చట్టం ఇచ్చేది రికార్డులు, సంజాయిషీలు కాదు. ‘ఫలానా తేదీ పాలక మండలి సమావేశం అజెండా, హాజరు పట్టిక, మినిట్స్ (సమావేశ నిర్ణయాల నమోదు), చర్యల నివేదిక నకళ్లు ఇవ్వండి’ అని అడగాలి. పదేళ్ల మినిట్స్ ఒకేసారి అడిగితే సిబ్బంది సమయం చాలదన్న జవాబు వస్తుంది. రెండు సమావేశాలవి చాలు. రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) ప్రకారం మండళ్లు, కమిటీల వివరాలు, వాటి మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయో లేదో సంస్థ తనంతట తానే ప్రకటించాలి. దరఖాస్తులో ఆ సెక్షన్‌ను తప్పక పేర్కొనండి.

మినిట్స్ చేతికొచ్చాక ముందుగా రెండు మాటలు వెతకండి: ‘టేబుల్ అజెండా’, ‘ర్యాటిఫై’. మొదటిది, ముందుగా నోట్ పంపకుండా అక్కడికక్కడే పెట్టిన అంశం. రెండోది, వీసీ అప్పటికే అమలు చేసేసినదానికి తర్వాత వేయించుకున్న ముద్ర. అత్యవసరంలో రెండూ తప్పు కాదు. పేజీ నిండా అవే ఉంటే మాత్రం మండలి చర్చించడం మానేసిందన్నమాటే.

అటానమస్ డిగ్రీ కళాశాలల్లో చిక్కు వేరు. సిలబస్, పరీక్షలు కళాశాలవే, పట్టా విశ్వవిద్యాలయానిది. సిలబస్ తయారుచేసే ప్రతి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కూ ప్రిన్సిపాల్ పంపిన ఆరుగురు నిపుణుల జాబితాలోంచి వీసీ ఒకరిని నామినేట్ చేయాలి. ఆ జాబితా వెళ్లడం ఆలస్యమైతే సమావేశం వెనక్కి పోతుంది, పాత సిలబస్సే మరో ఏడాది నడుస్తుంది. నష్టపోయేది పిల్లలు. జాబితాలు వేసవి సెలవుల్లోనే పంపాలని ప్రిన్సిపాళ్లను కోరాం.

వచ్చే ఏడాది మినిట్స్ చదివే పనిని నిజామాబాద్, కరీంనగర్ సభ్యులతో కలిసి తెలంగాణ, శాతవాహన విశ్వవిద్యాలయాలకూ విస్తరిస్తాం. దరఖాస్తు నమూనా సంఘం కార్యాలయంలో తీసుకోవచ్చు.