డోనట్ బాకీ

తిరుపతి,
ఆదివారం

ఏమబ్బా, బాగుండావా?

నీ జాబొచ్చి నెల దాటింది, జవాబు రాయలేదు. తప్పు నాదే, మన్నించు. ఇక్కడందరూ కులాసా. ఎండలు ముదిరినాయి, కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తా ఉండాయి. మిగతావి మళ్లీ రాస్తాలే. "రెడ్‌క్రాస్‌కు డబ్బులిస్తే చేరాల్సినోళ్లకు చేరతాయా?" అని అడిగినావు కదా, దానికి ముందు డోనట్ కత చెప్పాల. ఎందుకో చదివితే నీకే అర్థమవుతుంది.

డోనట్ అంటే మన గారె మాదిరే నడిమధ్య చిల్లు. కాకుంటే మైదా పిండి, తీపి. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో అమెరికా సైన్యం ఇంగ్లాండులో దిగినప్పుడు అమెరికన్ రెడ్‌క్రాస్ ఆ సిపాయిల కోసం క్లబ్బులు తెరిచింది. అప్పుడు వాళ్ల యుద్ధమంత్రి హెన్రీ స్టిమ్సన్, రెడ్‌క్రాస్ పెద్ద నార్మన్ డేవిస్‌కు జాబు రాసినాడు: క్లబ్బుల్లో తిండికీ పడకకూ డబ్బులు తీసుకోండని. ఎందుకంటే బ్రిటిష్ సిపాయికి జీతం చాలా తక్కువ, వాళ్ల క్యాంటీన్లో కొనుక్కునే తినాల. పక్కనే అమెరికావాడు ఊరికే తింటా ఉంటే వాడికి కడుపు మండదా? రెడ్‌క్రాస్ వద్దని మొత్తుకుంది, చివరికి తలొంచింది.

ఇంకో పక్క లండన్ పాత బస్సులను వంటబండ్లుగా మార్చి, లోపల డోనట్ మిషను, గ్రామఫోను పెట్టి, బండికి ముగ్గురు ఆడపిల్లలను ఎక్కించి శిబిరాల వెంబడి తిప్పినారు. అక్కడ కాఫీ, డోనట్ ఊరికే. సంస్థ ఒకటే, డోనట్ ఒకటే. కానీ సిపాయికి గుర్తుండిపోయింది క్లబ్బులో చెల్లించిన చిల్లర! దశాబ్దాల తర్వాత కూడా ముసలి సైనికులు "డోనట్‌కు డబ్బులు తీసుకున్నారు" అని రెడ్‌క్రాస్‌నే తిట్టినారు. మంత్రి జాబు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

కొండమీద 1985 నుంచీ అన్నప్రసాదం ఊరికే పెడతా ఉండారు. రేపట్నించి పంక్తిలో కూర్చునే ముందు ఒక్క రూపాయి ఇవ్వమంటే? రూపాయి ఎవరికీ బరువు కాదబ్బా. అయినా ఊరు ఊరంతా భగ్గుమంటుంది. అప్పుడది ప్రసాదం కాదు, హోటలు. ఆ సిపాయి బాధ కూడా అదే. ఇంటి దగ్గర వాళ్లమ్మ చందా ఇచ్చింది కొడుక్కు అమ్మమని కాదు కదా.

డోనట్ కన్నా నన్ను కలచేది ప్లాస్మా. రక్తంలోంచి కణాలు తీసేస్తే మిగిలే పసుపు నీరది. ఎండబెట్టి పొడి చేస్తే చాన్నాళ్లు చెడదు, యుద్ధభూమిలో శుద్ధమైన నీళ్లు కలిపి ఎక్కించడమే. అనేకమంది ప్లాస్మా కలిపేస్తారు గాబట్టి గ్రూపు చూసే పని కూడా లేదు. ఈ పనికి దారి వేసినవాళ్లలో ముఖ్యుడు చార్లెస్ డ్రూ, నల్లజాతి డాక్టరు. 1941లో రెడ్‌క్రాస్ రక్తనిధిని నడిపింది ఆయనే. అదే ఏడాది నల్లవాళ్ల రక్తమే వద్దన్నారు. 1942 జనవరిలో తీసుకుంటాం గానీ విడిగా పెడతాం అన్నారు. గ్రూపే చూడక్కర్లేని దానికి జాతి చీటీ! 1950 దాకా ఆ చీటీ పోలేదు. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు మనసు... సరే, పోనీ.

ఇక నువ్వడిగిన డబ్బుల సంగతి. హైతీ దేశంలో భూకంపం, 2010. అమెరికన్ రెడ్‌క్రాస్‌కు దగ్గర దగ్గర 50 కోట్ల డాలర్లు వసూలైనాయి. 2015లో విలేకరులు లెక్క తీస్తే ఆ సంస్థ కట్టిన పక్కా ఇళ్లు ఆరు. ఒక చిక్కు భూమి పట్టాలు, ఎవరి నేల ఎవరిదో తేలలేదు. రెండోది, డబ్బు వేరే సంస్థల చేతికి పోయింది. ఒక్కో చేయి మారేకొద్దీ ఆఫీసు ఖర్చుల కింద కొంత తరుగు.

మన ఇండియన్ రెడ్‌క్రాస్ ఆ అమెరికా సంస్థకు కొమ్మ కాదు, 1920 చట్టంతో పుట్టిన వేరే సంస్థ. జిల్లాలో అధ్యక్షుడు కలెక్టరే. కాబట్టి ఇవ్వు, కానీ ఊరికే "సహాయనిధి" అని కాకుండా ఏ పనికి ఇస్తున్నావో రసీదులో రాయించు. ఏడాది తర్వాత పోయి, ఎంత వచ్చింది, ఎంత నేరుగా ఖర్చయింది, ఎంత వేరే సంస్థకు పోయింది, మూడూ విడివిడిగా అడుగు. కలిపి చెప్తే ఒప్పుకోవద్దు.

2001లో న్యూయార్క్ జంట భవనాల దాడి తర్వాత వచ్చిన చందాల మీద జరిగిన గొడవ ఇంకా రాయనేలేదు, ఆ దెబ్బకు వాళ్ల అధ్యక్షురాలే... చిత్తూరు పోయే పిల్లోడు వాకిట్లో బండి హారన్ కొడతా ఉండాడు, ఇది వాడి చేతికే ఇస్తుండా. అమ్మకు నమస్కారాలు చెప్పు.

నీ
తిరుపతోడు