ఉడికిస్తే ఇంకేం మిగులుతుంది?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ వంటల పేజీలో హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంపతో చేసే సాస్ గురించి రాశారు. దాన్ని 'గుర్రపు ముల్లంగి' అని తెలుగు చేసి, గుర్రాల మేత అన్నట్టు చెప్పారు. ఆ 'హార్స్'కి అక్కడ మొరటు అనే అర్థం. సరే, పేరు సంగతి పోనీ. తురుముని సాస్‌లో వేసి పది నిమిషాలు ఉడికించమన్నారు చూడండి, అది చదివాక ఊరుకోలేకపోయాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. రక్తంలో యాంటీబాడీల్లాంటివి ఉన్నాయేమో చూసే ఎలీసా పరీక్షలో ప్లేటు గుంటలు నీలంగా మారేది చాలాసార్లు ఈ దుంప నుంచి తీసిన పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ వల్లే. ఏళ్ల తరబడి సీసాల మీద పేరు చదవడమే గానీ, దుంపని చూసింది మా అమ్మాయి దగ్గరికి జర్మనీ వెళ్లినప్పుడే. మట్టి రంగు తొక్క, లోపల తెలుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసనే లేదు. ఇంతేనా అనుకుంటూ తురమడం మొదలెట్టాను. సగంలోనే కళ్లూ ముక్కూ ఒకటే ధార. కిటికీ తీసి తల బయటపెట్టాల్సి వచ్చింది.

దుంపలో సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరోచోట ఉంటాయి. (పెరాక్సిడేజ్ వేరు, దీంతో కలపకండి.) తురిమితే రెండూ కలిసి అప్పటికప్పుడు ఘాటు పుడుతుంది. వెనిగర్ పోస్తే ఆ పని ఆగిపోతుంది. వెంటనే పోస్తే కారం తక్కువ. రెండు మూడు నిమిషాలు ఆగి పోస్తే నషాళానికి అంటుతుంది. పొయ్యి మీద పెడితే మాత్రం ఘాటంతా ఆవిరితో పోతుంది. అందుకే ఆస్ట్రియాలో ఉడికించిన గొడ్డుమాంసం మీద దీన్ని పచ్చిగానే తురుముతారు, లేదా యాపిల్ తురుముతో కలిపి పక్కన పెడతారు. పోలండ్‌లో ఈస్టర్‌కి బీట్‌రూట్‌తో కలుపుతారు.

జర్మన్లు దీన్ని చేపలతో, ఆవపిండి ముద్దలా నంజుకుంటారని ఇంగ్లండ్‌లో మొక్కల మీద పుస్తకం రాసిన జాన్ జెరార్డ్ 1597లోనే చెప్పాడు. కెచప్‌తో పేరుపడ్డ అమెరికా కంపెనీ హైన్జ్ వ్యవస్థాపకుడు హెన్రీ హైన్జ్ 1869లో వ్యాపారం మొదలుపెట్టింది కూడా ఈ తురుముతోనే. టర్నిప్ కల్తీ లేదని జనానికి కనబడేలా రంగులేని గాజు సీసాల్లో అమ్మాడు.

వీలైతే వచ్చే ఆదివారం చిన్న సవరణ వేయండి. తురుములో వెనిగర్, ఉప్పు కలిపి, చల్లటి క్రీమ్‌లో వేస్తే సాస్ అయిపోయినట్టే. స్టవ్ వెలిగించక్కర్లేదు.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్