తిరిగొచ్చినవాళ్లకూ ఒక కౌంటర్ పెట్టండి

గౌరవనీయులైన ప్రవాసుల వ్యవహారాల మంత్రి గారికి,

నమస్కారం. 14 ఏళ్లు రెండు పరాయి దేశాల్లో పనిచేసి, పోయినేడాది పిల్లలతో సహా మన దేశానికి వచ్చేశాం. మమ్మల్ని ఎవరూ పంపించేయలేదు, ఉద్యోగాలూ పోలేదు. అమ్మానాన్నలు పెద్దవాళ్లవుతున్నారని మేమే వచ్చాం. వచ్చినందుకు బాధ లేదు. వచ్చాక పడ్డ అవస్థ గురించే ఈ ఉత్తరం.

రెండో వారంలో బ్యాంకుకెళ్లి, వాడక ఆగిపోయిన పాత ఖాతా తెరవమన్నాను. చిరునామాకు రుజువుగా అద్దె ఒప్పందం తెమ్మన్నారు. ఇంటాయనేమో అడ్వాన్సు ఇక్కడి ఖాతా నుంచే రావాలంటాడు. ఖాతాకి ఇల్లు కావాలి, ఇంటికి ఖాతా కావాలి! పెట్టెలు విప్పకుండా ఏడు వారాలు బంధువుల ఇంట్లో ఒకే గదిలో నలుగురం సర్దుకున్నాం. ఒక్క వాయిదా కూడా తప్పకుండా అక్కడ కట్టిన అప్పుల చరిత్ర ఇక్కడ లెక్కలోకే రాదు. ఒక్కో ఆఫీసుకి అవే కాగితాలు, మళ్లీ అవే సంతకాలు. ఇప్పటికి నా ఫైలు బెత్తెడు మందమైంది.

ఇవి పెద్దవాళ్ల తిప్పలు, ఎలాగో పడతాం. పిల్లల సంగతి వేరు.

మా చిన్నదానికి 11 ఏళ్లు. మన భాష గలగలా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. బడిలో మొదటి వారమే పాఠం పైకి చదవమన్నారట. లేచి నిలబడి, పుస్తకం వైపు చూస్తూ ఉండిపోయిందట. ఆ రాత్రి నోట్సు వెనక పేజీలో ఒక్కో అక్షరం పక్కన, దాని శబ్దాన్ని తనకొచ్చిన లిపిలో రాసుకుంటూ కూర్చుంది. "మన దేశానికే వచ్చాం కదమ్మా, మరి నన్ను కొత్త పిల్ల అంటారేంటి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

పరాయి దేశంలో మా పెద్దదాన్ని బడిలో చేర్చినప్పుడు ఆ దేశభాష రోజూ ఒక గంట విడిగా నేర్పారు. ఇక్కడ "మనవాళ్లేగా" అని వదిలేశారు. మనవాళ్లం కాబట్టే సాయం అక్కర్లేదని ఎలా అనుకుంటారండీ? తిరిగొచ్చినవాళ్లకు సొంత దేశంలో మళ్లీ మొదటినుంచీ కుదురుకోవాల్సి వస్తుందని అమెరికా పరిశోధకులైన గల్లాహార్న్ దంపతులు 1963లోనే పరిశోధించి రాశారు. ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు.

పింఛను సంగతి కూడా చూడండి. అమెరికాలో పింఛను రావాలంటే 40 క్రెడిట్లు, అంటే సుమారు 10 ఏళ్ల పని ఉండాలి. జపాన్‌లోనూ 10 ఏళ్లే. ఒకచోట ఎనిమిదేళ్లు, ఇంకోచోట ఆరేళ్లు పనిచేసిన మాలాంటివాళ్లకు, దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం ఉంటేనే ఆ ఏళ్లు కలిపి లెక్కిస్తారు. లేకపోతే కట్టిన డబ్బుకు పింఛను దక్కకుండా పోయే ప్రమాదం ఉంది. మేం పనిచేసే దేశాలన్నిటితో ఇలాంటి ఒప్పందాలు చేసుకోండి, ఇది మీ చేతుల్లో ఉన్న పని.

2018లో ఐక్యరాజ్యసమితిలో కుదిరిన ప్రపంచ వలస ఒప్పందంలో 21వ లక్ష్యమే తిరిగొచ్చేవాళ్లు గౌరవంగా వచ్చి కుదురుకోవడం గురించి. తిరిగొచ్చే కార్మికుల కోసం ప్రత్యేక కేంద్రం ఉండాలని ఫిలిప్పీన్స్ 2010లోనే చట్టంలో రాసుకుంది. మేం అడిగేదీ అలాంటిదే. కాగితాలన్నీ ఒకసారి చూసి, బ్యాంకు, బడి, పింఛను ఆఫీసు అన్నిచోట్లా చెల్లే ఒకే పత్రం ఇచ్చే కౌంటర్ కావాలి. తిరిగొచ్చిన పిల్లలకు మొదటి ఏడాది బడిలోనే విడిగా చదవడం, రాయడం నేర్పే టీచరు కావాలి. రెంటిలో ఒకటే ముందు చేయగలమంటే, టీచర్‌ని ముందు ఇవ్వండి.

ఆ కౌంటర్ ఎలా ఉండాలో రాసుకునే రోజున తిరిగొచ్చినవాళ్లను నలుగురిని పిలిచి కూర్చోబెట్టుకోండి. పిలిస్తే నా ఫైలు పట్టుకుని నేనూ వస్తాను.

ఇట్లు,
తిరిగొచ్చిన ఒక తల్లి