మీ ఇండెక్స్ టూల్ తెలుగు ఫైలుని తప్పుగా లెక్కపెడుతోంది, సరిచేయండి లేదా డబ్బు తిరిగివ్వండి

కస్టమర్ సపోర్ట్ వారికి, వీలైతే వారి ద్వారా ఆ టూల్ రాసిన ఇంజినీర్లకి,

విషయం: మీ టూల్ తెలుగు ఫైలుని తప్పు చోటు నుంచి చదవడం, జవాబులు దాచే ఆప్షన్ పనిచేయకపోవడం.

నేను విశాఖపట్నంలో సీతమ్మధార వైపు ఉంటాను. మా వీధిలోని చిన్న గ్రంథాలయంలో ఒక పాత కంప్యూటర్ పెట్టి, పిల్లలు బటన్ నొక్కితే ఒక సామెతో పొడుపు కథో స్క్రీన్ మీదకి వచ్చేలా చేశాను. అన్నీ మన ఉత్తరాంధ్ర పల్లెల్లో వాడేవే, పెద్దవాళ్లు చెబుతుంటే పక్కన కూర్చుని టైప్ చేసినవి. మామూలు టెక్స్ట్ ఫైలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య శాతం గుర్తు ఒక్కటే ఉన్న లైను. ప్రతిసారీ ఫైలంతా మొదటి నుంచి చదవకుండా కావలసినదాన్ని నేరుగా తీయాలంటే ఇండెక్స్ (ఏది ఫైలులో ఎక్కడ మొదలవుతుందో నంబర్లుగా రాసుకున్న పట్టిక) కావాలి కాబట్టి, మీ టూల్ లైసెన్స్ డబ్బు పెట్టి కొన్నాను. మీ ప్రకటనలో ఏ భాషకైనా పనిచేస్తుందని రాశారు. ఆ మాట చూసే కొన్నాను.

పనిచేయడం లేదు. బటన్ నొక్కితే సామెత సగంలోంచి మొదలవుతుంది, చాలాసార్లు మొదటి అక్షరం ఉండాల్సిన చోట నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం కనిపిస్తుంది. ఇది రాసి పంపితే మీ సపోర్ట్ నుంచి వచ్చిన జవాబు ఏమిటంటే, ఫాంట్ సమస్య అయి ఉండొచ్చు, వేరే ఫాంట్ పెట్టి చూడండి అని. దయచేసి ఆ జవాబు ఇంకెవరికీ పంపకండి. ఫాంట్ తప్పయితే అక్షరం ఆకారం చెడుతుంది, లేకపోతే డబ్బా వస్తుంది, అంతేగానీ సామెత సగం నుంచి మొదలవదు.

అసలు సంగతి ఇది. విశాఖ అనే మాట తీసుకోండి. చదివేవాళ్లకి అది 3 అక్షరాలు. అక్షరాలకీ గుర్తులకీ నంబర్లిచ్చే యూనికోడ్ లెక్కలో గుడి, దీర్ఘం విడివిడిగా ఉంటాయి కాబట్టి 5 కోడ్ పాయింట్లు, అంటే 5 నంబర్లు. ఆ నంబర్లని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైలులో దాచినప్పుడు ఒక్కో కోడ్ పాయింటుకి 3 బైట్ల చొప్పున 15 బైట్లు. మీ టూల్ ఇండెక్స్ రాసేటప్పుడు 5 అని లెక్కపెడుతోంది, తీసేటప్పుడు మాత్రం 5వ బైటు దగ్గరికి వెళ్తోంది. కుంచాలతో కొలిచి సోలలని రాసుకున్నట్టుంది. ఇంగ్లీషులో అక్షరానికి ఒకటే బైటు కాబట్టి రెండు లెక్కలూ కలుస్తాయి, అందుకే మీ ఆఫీసులో ఎవరికీ ఇది కనబడి ఉండదు. ఊరికే అనడం లేదు, హెక్స్‌డంప్ (ఫైలులోని బైట్లని ఒక్కొక్కటిగా చూపే జాబితా) తీసి చూశాను. తెలుగు కోడ్ పాయింట్ ఏదైనా ఈ0 అనే బైటుతో మొదలవుతుంది, దాని తర్వాత బీ0 గానీ బీ1 గానీ వస్తుంది. మీ టూల్ తెచ్చిచ్చిన ముక్క బీ0తో మొదలైంది, అంటే అక్షరం మధ్యలో కోసి తెచ్చింది. ఆ డంప్ ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను, ఫాంట్ గురించి మాట్లాడే ముందు ఒక్కసారి అది తెరిచి చూడండి.

మొదలు తెగిపోవడం కళ్లకి కనబడే నష్టం. కనబడని నష్టం ఇంకా పెద్దది. తెలుగు ఫైలులో కోడ్ పాయింట్లకి మూడేసి బైట్లు, ఖాళీలకీ లైను చివరలకీ మాత్రం ఒక్క బైటే కాబట్టి, మీ ఇండెక్స్‌లోని చివరి నంబరు కూడా ఫైలులో మూడో వంతు దాటిన కొంచెం దూరానికే ఆగిపోతుంది. ఆ తర్వాత ఉన్నదేదీ ఎన్నిసార్లు బటన్ నొక్కినా రాదు! మొదట్లో ఉన్నవే తిరిగి తిరిగి వస్తాయి, ఎర్రర్ మెసేజ్ మాత్రం ఒక్కటీ ఉండదు. రణస్థలం వైపు నుంచి వచ్చి ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ చాలా పొడుపు కథలు చెప్పారు, అవి ఫైలు చివర్లో ఉన్నాయి. రోజూ సాయంత్రం మనవడిని తీసుకొచ్చి స్క్రీన్ ముందు కూర్చునేవారు. ఒకరోజు నన్ను పిలిచి, "బాబూ, నాను సెప్పినవి ఒక్కటీ రావట్లేదేటి?" అని అడిగారు. ఆవిడ అడిగాకే ఇండెక్స్ నంబర్లు ఒక్కొక్కటీ పట్టుకుని చూడడం మొదలుపెట్టాను. ఆవిడ చెప్పినవి ఎక్కడా అచ్చులో దొరకవు, వాటిని పిల్లల ముందుకి తేవడానికే ఇదంతా చేశాను, మీ టూల్ సరిగ్గా వాటినే దాచేసింది.

రెండోది, జవాబులు దాచే ఆప్షన్. పొడుపు కథకి విప్పు కనబడకూడదు కదా, పిల్లలు ఆలోచించాక ఇంకో బటన్ నొక్కితే రావాలి. మీరు ఇచ్చిన ఆప్షన్ లోపల చేసేది రాట్13 మాత్రమే, అంటే ఇంగ్లీషు 26 అక్షరాలని 13 స్థానాలు జరపడం. తెలుగు అక్షరాలని అది ముట్టుకోదు. దాంతో "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని వచ్చి, కిందే కనురెప్పలు అని జవాబు కూడా కనబడుతోంది. పైగా మీ టూల్ దాచడం పూర్తయిందని మెసేజ్ ఇస్తుంది! ఏమీ దాచనప్పుడు దాచలేదని చెప్పాలి, కనీసం ఆ మాత్రం చేయండి.

ఇంకొకటి కూడా ఉంది, చిన్నదే. ఇండెక్స్ కట్టిన తర్వాత టెక్స్ట్ ఫైలులో ఒక్క అక్షరం చేర్చినా దాని కింద ఉన్నవన్నీ జరిగిపోతాయి, మీ టూల్ నోరు మెదపకుండా పాత ఇండెక్స్‌తోనే చదివేస్తుంది. ఇండెక్స్‌లో ఫైలు సైజు రాసుకుని తెరిచేటప్పుడు పోల్చి చూస్తే ఇలాంటి మార్పు అక్కడే పట్టుబడుతుంది.

ఇది ఎవరూ చేయని పనేం కాదు. యూనిక్స్‌లో ఏదో ఒక సూక్తిని స్క్రీన్ మీద చూపే ఫార్చ్యూన్ ప్రోగ్రాంతో పాటు వచ్చే స్ట్ర్‌ఫైల్ అనే ఉచిత కమాండ్ దశాబ్దాలుగా ఇదే చేస్తోంది, మీ ఆప్షన్లు కూడా చాలావరకు దాన్ని చూసి పెట్టినట్టే ఉన్నాయి. అది రాసే ఫైలులో ముందు హెడర్ అనే పరిచయ భాగం, అందులో స్ట్రింగులు (టెక్స్ట్ ముక్కలు) ఎన్ని, అన్నిటికన్నా పొడవైనది ఎంత, పొట్టిది ఎంత, ఆ తర్వాత వరసగా ఒక్కోటీ ఎక్కడ మొదలవుతుందో చెప్పే నంబర్లు, అంటే ఆఫ్‌సెట్లు ఉంటాయి. ఆ ఆఫ్‌సెట్లు బైట్ల లెక్కలో ఉంటాయి కాబట్టి, తెలుగు అనే భాష ఉందని దానికి తెలియకపోయినా నా ఫైలు దాంతో సరిగ్గా వస్తోంది. దాచడం అందులోనూ రాట్13 తోనే, కానీ వాళ్లు నా దగ్గర డబ్బు తీసుకోలేదు, ఏ భాషకైనా పనిచేస్తుందని ప్రకటనా ఇవ్వలేదు. తెలుగు యూనికోడ్‌లోకి 1991లోనే వచ్చింది, యూటీఎఫ్-8 వచ్చింది 1992లో. కొత్త భాష, ఇంకా సపోర్ట్ చేర్చలేదు అనే మాట మీరు ఇప్పుడు చెప్పడానికి వీల్లేదు. హిందీకి, తమిళానికి, బెంగాలీకి కూడా ఒక్కో కోడ్ పాయింటుకి 3 బైట్లే, అంటే వాళ్ల ఫైళ్లు కూడా ఇలాగే తెగుతూ ఉంటాయి, వాళ్లెవరికీ ఇంకా తెలిసి ఉండకపోవచ్చు.

నాకు కావలసింది: ఆఫ్‌సెట్లు బైట్లలో లెక్కపెట్టే అప్‌డేట్ ఇవ్వండి, దాచే ఆప్షన్ తెలుగుకి పనిచేసేలా చేయండి, చేయలేకపోతే ఇంగ్లీషుకి మాత్రమే అని మీ పేజీలో స్పష్టంగా రాయండి. ఇప్పటికే కొన్న అందరికీ ఈ లోపం సంగతి మెయిల్‌లో చెప్పండి, నాలాగా ఒక్కొక్కరూ ఎవరికి వారే కనిపెట్టుకోవాల్సిన అవసరం లేదు. ఇవేవీ కుదరకపోతే లైసెన్స్ డబ్బు మొత్తం తిరిగి ఇవ్వండి, ఇంకో టూల్ మీకు డిస్కౌంట్‌లో ఇస్తాం లాంటి మాటలు వద్దు.

ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు రావాలి. రాకపోతే జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, నేను విశాఖలోనే వేస్తాను. హెక్స్‌డంప్‌తో పాటు తప్పు వెంటనే కనబడేలా చిన్న నమూనా ఫైలు, దాని మీద మీ టూల్ కట్టిన ఇండెక్స్, కొన్న రసీదు జత చేశాను. నమూనా ఫైలులో ఉన్నవన్నీ ఆ పెద్దావిడ చెప్పినవే. మీ టెస్టుల్లో కలుపుకోండి, ఆవిడని అడిగాను, సరేనన్నారు.

ఇట్లు,
మీ కస్టమర్,
సీతమ్మధార, విశాఖపట్నం